చీలిక వేరు, విరుపు వేరు

విశాఖపట్నం,
10 జూన్ 2024

ఇమాం సాహెబ్ గారికి సలాం చేసి రాస్తున్నాను.

మీరు నన్ను చూడలేదు. నా పేరు ఆలియా. గుండుగొలనులో ఉంటున్న మీ తమ్ముడు హఫీజ్ గారి మనవరాలిని. తాడేపల్లిగూడెం మార్కెట్లో ఉల్లిపాయల ఆటో నడిపే మోయిన్ మా నాన్న. నేను ఇక్కడ యూనివర్సిటీలో భూగర్భశాస్త్రం చదువుతున్నాను, ఎమ్మెస్సీ రెండో ఏడు.

మీ అడ్రసు మీ అమ్మాయి రబియా అత్త ఇచ్చింది. మీకు చెవులు బాగా తగ్గాయని, దగ్గరకొచ్చి గట్టిగా చెప్తే తప్ప వినపడదని, ఫోను అసలు పనికిరాదని చెప్పింది. ఉత్తరం రాస్తే మాత్రం కూడబలుక్కునైనా మీరే చదువుకుంటారట, ఇంకొకరి చేత చదివించుకోరట. అందుకే రాస్తున్నాను. నేను ఉత్తరం రాయడం ఇదే మొదటిసారి. తప్పులుంటే మన్నించండి.

పని ఇదండీ. మా విజయకుమారి మేడం హైస్కూలు పిల్లల కోసం ఒక చిన్న పుస్తకం తయారుచేస్తున్నారు. ఖనిజాల గురించి, స్ఫటికాల గురించి చదవడం మొదలుపెట్టేవాళ్ళకు కావలసిన తొలి మాటలు అందులో ఉంటాయి. కాఠిన్యం అంటే ఏమిటి, ద్యుతి అంటే ఏమిటి, చారిక అంటే ఏమిటి, ఇలాగ. ఆ మాటల పట్టిక నాకు అప్పగించారు. పుస్తకాల్లో మాటలు పిల్లలకు కొరుకుడు పడవు, రాళ్ళు సానపట్టేవాళ్ళు ఏమంటారో కనుక్కో అన్నారు మేడం. నాకు తెలిసిన సానపనివారు మీరొక్కరే.

ముందు మా తాతనే అడిగాను. నా చిన్నప్పుడు ఆయన కల్లుప్పు పలుకు పగలగొట్టి చూపించేవారు, ఎంత చిన్న ముక్క అయినా నలుపలకగానే ఉంటుందని. రోడ్డు కంకరలో మెరిసే రాయి కనిపిస్తే జేబులో వేసుకొచ్చేవారు. సానపని మాటలు అడిగితే మాత్రం, "అది మా భయ్యా పనమ్మా, నేను చేపలకి ఐసు కొట్టుకునేవాణ్ణి" అని ఊరుకున్నారు.

మీ ఇద్దరికీ నలభై ఏళ్ళ నుంచి మాటల్లేవని తెలుసు. ఎందుకో మా ఇంట్లో ఎవరూ చెప్పరు. మీకిష్టమైతేనే జవాబు రాయండి.

ఆలియా


ఏలూరు,
19 జూన్

ఆలియాకి,

నీ ఉత్తరం చదవడానికి నాకు రెండు రోజులు పట్టింది. నీ అక్షరాలు చీమల బారులా ఉన్నాయి. పెద్దగా రాయి. నేను బడికి వెళ్ళినవాణ్ణి కాదు. నలభయ్యో ఏట వయోజనుల బడిలో కూర్చుని అక్షరాలు నేర్చుకున్నాను. నా పక్కన కూర్చున్నవాళ్ళందరూ వారం తిరక్కుండా మానేశారు. నేను మానలేదు.

ముందు ఒకటి అడుగుతాను. నిన్ను హఫీజ్ పంపించాడా? వాడు పంపించి ఉంటే వాణ్ణే రమ్మను. మధ్యలో ఆడపిల్లని పెట్టి మాట్లాడించడం మగతనం కాదు. వాడు నా ఇంట్లో ఒక తప్పు చేశాడు. తప్పు కంటే పెద్దది, చేశానని ఒప్పుకోలేదు. "నా చేతిలోంచి పడింది భయ్యా" అని ఒక్క మాట అని ఉంటే ఆ రోజే అయిపోయేది. ఈ రోజు వచ్చి అన్నా నా తలుపు తీసే ఉంది. అంతే. దీని గురించి మళ్ళీ నాకు రాయకు.

ఇక నీ మాటలు. కాఠిన్యం అన్నావు. మేం గట్టి అంటాం. ఒక రాయితో ఇంకో రాయిని గీసి చూస్తాం. గీసింది గట్టిది, గీత పడింది మెత్తది. దీనికి యూనివర్సిటీ దేనికి? ద్యుతి అన్నావు, మేం నీరు అంటాం. మంచి రాయిని వేళ్ళ మధ్య తిప్పితే లోపల నీరు కదిలినట్టు ఉంటుంది. గాజులో మెరుపు ఉంటుంది కానీ నీరు ఉండదు. గాజో రాయో తేలకపోతే కింది పెదవికి ఆనించి చూడు. రాయి చల్లగా ఉంటుంది, గాజు తొందరగా వెచ్చబడిపోతుంది. మీ మేడంని కూడా చూడమను. చారిక అనేది మాకు లేదు. గీటురాయి మీద రుద్ది గీత రంగు చూడడం బంగారం వాళ్ళ సంగతి, వాళ్ళని అడుగు.

రాయి లోపల మచ్చ ఉంటే నలుసు అంటాం. అది నీ పట్టికలో లేదు. రాసుకో.

మా రబియా నీకు అడ్రసు ఇచ్చినందుకు దాన్ని తిట్టాను. తిట్టి, ఈ కవరు దాని చేతే తెప్పించాను.

ఇమాం సాహెబ్, సానపని


విశాఖపట్నం,
27 జూన్

పెద్ద దాదాకి,

ఇలా పిలవచ్చో లేదో తెలియదు. వద్దంటే మానేస్తాను.

అక్షరాలు పెద్దగా రాస్తున్నాను. కాగితాలు ఎక్కువ పడుతున్నాయి కానీ నాకూ బాగుంది. నన్ను ఎవరూ పంపలేదండీ. నేను మీకు రాస్తున్నట్టు మా తాతకి తెలియదు. ఆ విషయం రాయొద్దన్నారు కాబట్టి ఒక్క మాటతో ఆపేస్తాను. మా తాత అబద్ధం చెప్పగా నేనెప్పుడూ వినలేదు.

మేడం మీ ఉత్తరం చదివి, డ్రాయరులోంచి రాయి ఒకటి, గాజు ముక్క ఒకటి తీసి నిజంగానే పెదవికి ఆనించుకున్నారు. క్లాసంతా నవ్వింది. ఆవిడ నవ్వలేదు. నలుసు మాట పట్టికలోకి ఎక్కింది.

ఇంకో రెండు మాటలకు మీ పేర్లు కావాలి. స్ఫటికం పగలడంలో రెండు తీరులు ఉన్నాయి. మొదటిది, ఎక్కడ దెబ్బ తగిలితే అక్కడ, ఎలా పడితే అలా పగలడం. సీసా పెంకు చూడండి, పగిలిన చోట గవ్వలాగా వంపులు వంపులుగా ఉంటుంది. దీన్ని విరుపు అని రాశాను. రెండోది, స్ఫటికం లోపల కొన్ని దిక్కుల్లో పట్టు తక్కువగా ఉంటుంది. ఆ దిక్కున పొర వెంట పొర విడిపోతుంది. విడిపోయిన ముఖం సానపట్టినట్టు చదునుగా, అద్దంలాగా ఉంటుంది. కల్లుప్పు నలుపలకలుగా విడేది అందుకే. అభ్రకం రేకులుగా ఊడేదీ అందుకే. దీన్ని చీలిక అని రాశాను. చీలికకు పెద్ద దెబ్బ అక్కర్లేదు. కొన్ని రాళ్ళకు కాస్త వేడి, కాస్త ఒత్తిడి చాలు.

మీ పనిలో ఈ రెంటినీ ఏమంటారు?

ఆలియా


ఏలూరు,
8 జూలై

ఆలియాకి,

దాదా అనే పిలువు. మానెయ్యమని నేననలేదు.

మేం రెంటినీ పగలడమే అంటాం. పగిలిన రాయి పగిలిన రాయే. దాని మొహం చూసుకుంటూ కూర్చోము.

కానీ నీ ఉత్తరం చదివాక ఒక పని చేశాను. నా దగ్గర నలభై ఒక్క ఏళ్ళ నుంచి ఒక రాయి రెండు చెక్కలుగా ఉంది. దాంట్లో ఒక చెక్క దూదిలో చుట్టి ఈ రిజిస్టరు పోస్టులో పెట్టాను. ఇది మీ తాత పడేసిన రాయి. మీ తాత అబద్ధం చెప్పడని రాశావు కదా. చదువుకున్నదానివి, నువ్వే చూసి చెప్పు. అది నీకు, వాడికీ కూడా మంచిది.

సంగతి విను. ఎనభై మూడులో తణుకు వాళ్ళు వాళ్ళ ముత్తవ్వ నాటి పుష్యరాగం తెచ్చారు, పెద్ద రాయి, రేగుపండంత. పాత సాన అరిగిపోయింది, కొత్తగా పట్టమన్నారు. సానపట్టేటప్పుడు కర్ర కొసన లక్క కరిగించి రాయిని దాంట్లో కూర్చోబెడతాం. మా నాన్న పుష్యరాగాన్ని ఎప్పుడూ కాస్త ఒక పక్కకు వాల్చి కూర్చోబెట్టేవాడు. ఎందుకని అడిగితే "మా నాన్న కూడా అలాగే పెట్టేవాడు" అనేవాడు. వాల్చితే రాయి ఎక్కువ అరిగిపోతుంది, బరువు పోతుంది. అది వట్టి చాదస్తం. నేను తిన్నగా పెట్టాను. పైముఖం సానపట్టాను. ఏలూరులో అంత తిన్నగా పట్టేవాడు ఇంకొకడు లేడు, ఇప్పుడూ లేడు.

శుక్రవారం మధ్యాహ్నం నమాజుకి వెళ్తూ, లక్క కరిగించి రాయి తీసి ఉంచమని హఫీజ్‌కి చెప్పాను. తిరిగొచ్చేసరికి రెండు చెక్కలు ముందు పెట్టుకుని కూర్చున్నాడు. పడేశావా అన్నాను. "లేదు భయ్యా, లక్క వేడి చేస్తుంటే దానంతట అదే విడిపోయింది" అన్నాడు. రాయి దానంతట అదే విడిపోతుందా? చిన్నపిల్లవాడు కూడా నమ్మడు. పెద్దల్లో పెట్టి ప్రమాణం చెయ్యమన్నాను. చెయ్యనన్నాడు. తన మాట చాలదా అన్నాడు. నిజం చెప్పేవాడికి ప్రమాణం చెయ్యడానికి భయం దేనికి? బయటికి నడవమన్నాను. నడిచాడు. తణుకు వాళ్ళకు బదులుగా మా అమ్మ గాజులు ఇచ్చుకున్నాను. అమ్మ ఆ బాధలోనే పోయింది.

ఇదీ మీ తాత చేసిన పని. బాగా చూసి రాయి. చూశాక నువ్వే వాడికి చెప్పు, ఒప్పుకొమ్మని. మనవరాలు చెప్తే వింటాడేమో.

ఇక్కడ వాన లేదు. ఉక్కపోతకి లక్క కూడా చేతికి అంటుకుంటున్నది.

ఇమాం సాహెబ్


విశాఖపట్నం,
22 జూలై

పెద్ద దాదాకి,

రాయి క్షేమంగా అందింది. ఈ ఉత్తరం మూడుసార్లు రాసి చింపేశాను. ఇది నాలుగోది. దీన్ని చింపను.

రాయిని తూచాం, గీసి చూశాం, మైక్రోస్కోపు కింద పెట్టాం. మేడం కూడా చూశారు. పుష్యరాగమే. మీరు పట్టిన పైముఖం ఎంత బాగుందంటే, ఈ పని చేసినవారిని నేను చూడాలి అన్నారు ఆవిడ.

విడిపోయిన ముఖం మీద ఒక్క వంపు లేదు. దెబ్బ తిన్న గుర్తు ఎక్కడా లేదు. అంచున నలిగిన చోటు లేదు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే చదును. పెద్ద దాదా, ఇది విరుపు కాదు. చీలిక.

పుష్యరాగానికి ఒకే ఒక్క దిక్కున చీలిక ఉంటుంది, అది చాలా తేలిగ్గా విడుతుంది. మీరు పట్టిన పైముఖం సరిగ్గా ఆ దిక్కుకి సమాంతరంగా ఉంది. నేను కోణం కొలిచాను. అలా పట్టేటప్పుడు లోపల పొర కదులుతుంది, పైకి తెలియదు. తర్వాత లక్క వేడి తగిలితే విడిపోవచ్చు. చేతిలో ఉండగానే, ఎవరూ ఏమీ చేయకుండానే. ఇప్పటి సానపనివాళ్ళు కూడా పుష్యరాగాన్ని తిన్నగా పెట్టరట, కొన్ని డిగ్రీలు వాల్చి పెడతారట. మీ నాన్నగారు పెట్టినట్టు.

ఇంతకంటే ఏం రాయాలో నాకు తెలియడం లేదు. మా తాత ఆ రోజు చెప్పింది జరిగే పనే. అది మాత్రం తప్పకుండా రాయాలనిపించింది.

ఆలియా


ఏలూరు,
30 జూలై

ఆలియాకి,

అరవై ఏళ్ళు రాళ్ళు పట్టాను. నా చెయ్యి ఎలా పెట్టాలో నిన్నగాక మొన్న పుట్టినదాని దగ్గర నేర్చుకునే గతి నాకు పట్టలేదు. మీ మేడం నన్ను చూడనక్కరలేదు. మీ తాత మనవరాలివి, ఆ సంగతి మరిచి నీకు రాయి పంపాను, అది నా బుద్ధితక్కువ.

రాయి వెనక్కి పంపు. మాటల కోసం ఇంకెవరినైనా చూసుకో.

ఇమాం సాహెబ్


విశాఖపట్నం,
12 ఆగస్టు

పెద్ద దాదాకి,

రాయి ఈ కవరులోనే ఉంది. అదే దూదిలో చుట్టాను.

మీకు కోపం వచ్చింది. తప్పు నాదే అయి ఉంటుంది. మేడం పొగిడినట్టు రాశాను కానీ, కొలతలన్నీ ముందు పెట్టి పరీక్ష పేపరు దిద్దినట్టు రాశాను. పెద్దవాళ్ళకు అలా రాయకూడదని తర్వాత తోచింది.

మధ్యలో నాలుగు రోజులు గుండుగొలను వెళ్ళొచ్చాను. తాత బాగున్నారు.

నాకు జవాబు రాయకపోయినా ఫరవాలేదు. మీరు ఒక్కసారి ఆయన్ని చూడండి. ఏలూరు నుంచి బస్సులో గంట కూడా పట్టదు. ఆయనే రావాలని అనుకోకండి.

ఆలియా


ఏలూరు,
25 ఆగస్టు

అమ్మా ఆలియా,

ఇది రాయడానికి వారం పట్టింది. అక్షరాల వల్ల కాదు.

నువ్వు పంపిన చెక్క పక్కన పెట్టి, నా దగ్గరున్న రెండో చెక్క తీశాను. నీ మాట తప్పని చూపించాలని. పలచటి కత్తి అంచు దాని పక్కన ఆనించి, చిన్న సుత్తితో, ఎంత చిన్నగా అంటే పక్కగదిలో ఉన్న రబియాకి వినపడనంత చిన్నగా, ఒక్కసారి తట్టాను. ఒక రేకు ఊడింది. చదునుగా. అద్దంలాగా. మళ్ళీ అడ్డంగా పెట్టి అంతకు మూడు రెట్లు గట్టిగా కొట్టాను. అటు ఊడలేదు, చెదిరింది, గవ్వలాగా. నువ్వు రాసినట్టే.

నా చేత్తో నేనే చూశాను కాబట్టి ఒప్పుకుంటున్నాను. వాడు పడెయ్యలేదు. ఆ రాయిని నేనే చంపాను. వాడి చేతిలో అది ప్రాణం విడిచింది, అంతే.

ఇంకో సంగతి ఉంది. ఇది నీకు తెలియదు, ఎవరికీ తెలియదు. రాయిని లక్కలో కూర్చోబెడుతున్నప్పుడు వాడు నా పక్కనే ఉన్నాడు. "నాన్న కాస్త వాల్చేవాడు కదా భయ్యా" అన్నాడు. నేను నవ్వి, "నువ్వు నాకు నేర్పుతున్నావా, పోయి బొగ్గులు విసురు" అన్నాను. వాడు పోయి విసిరాడు. పెద్దల ముందు నిలబెట్టినప్పుడు వాడు ఆ మాట చెప్పి ఉండవచ్చు. నేను ముందే చెప్పాను, మా భయ్యానే వినలేదు అని. చెప్పలేదు. నలుగురిలో నా పని తప్పని అనలేదు. నేను వాణ్ణి అబద్ధాలకోరు అన్నాను, నలుగురిలోనే.

వాడు రాళ్ళ పని తెలిసినవాడమ్మా. నాకంటే వాడి కన్ను మంచిది. నీటిని బట్టి రాయిని చెప్పేవాడు. అలాంటి చేతులతో నలభై ఏళ్ళు కొల్లేటి చేపలకు ఐసు కొట్టాడు.

నేను వెళ్తాను. వాడి కాళ్ళు పట్టుకోవాలంటే పట్టుకుంటాను. కానీ ఖాళీ చేతులతో వెళ్ళను. నువ్వు పంపిన చెక్కలో ఉంగరానికి సరిపడా రాయి ఉంది. దాన్ని వాల్చి పెట్టి, వాడు చెప్పినట్టు పట్టి, వెండిలో కూర్చి వాడి వేలికి తొడగాలి. నోటితో క్షమించమని అడగడం నాకు చేతకాదు. ఎప్పుడూ చెయ్యలేదు. రాయి చేతిలో ఉంటే మాట అదే వస్తుంది.

వాడికి ఏమీ చెప్పకు. తెలియకూడదు. నేనే చెప్పాలి. వాడు ఆశ్చర్యపోవాలి.

మీ పెద్ద దాదా


విశాఖపట్నం,
4 సెప్టెంబరు

పెద్ద దాదాకి,

మీ ఉత్తరం హాస్టలు మెట్ల మీద కూర్చుని చదివాను. మళ్ళీ మళ్ళీ చదివాను.

ఉంగరం తర్వాత చేయవచ్చండీ. ముందు మీరు వెళ్ళండి. రేపే వెళ్ళండి. ఖాళీ చేతులతో వెళ్ళినా ఆయన ఏమీ అనుకోరు, నాకు తెలుసు. మంగళవారం, శుక్రవారం తప్ప మిగతా రోజుల్లో తాత ఇంట్లోనే ఉంటారు. బస్సు దిగాక ఎవరినడిగినా ఇల్లు చూపిస్తారు. మీకు ఒంటరిగా కష్టమైతే మా నాన్న ఆటో తీసుకుని వస్తారు. ఒక్క మాట రాయండి చాలు.

నేను ఇంతకంటే రాయలేను. దయచేసి ఆలస్యం చేయకండి.

ఆలియా


ఏలూరు,
18 సెప్టెంబరు

అమ్మా ఆలియా,

నీకు తొందర ఎక్కువ. మీ వయసులో అందరికీ అంతే. నలభై ఏళ్ళు ఆగినవాళ్ళం, నాలుగు రోజులు ఆగలేమా?

మంగళవారం, శుక్రవారం ఇంట్లో ఉండడని రాశావు. ఈ వయసులో వాణ్ణి ఇంకా పనికి పంపుతున్నారా? మోయిన్ ఏం చేస్తున్నాడు? ఆటో ఉంది, ఒళ్ళు గట్టిగా ఉంది, తండ్రిని కూర్చోబెట్టి అన్నం పెట్టలేడా? నేను వచ్చినప్పుడు వాణ్ణి గట్టిగా అడుగుతాను.

రాయి ముప్పాతిక వచ్చింది. చెయ్యి వణుకుతున్నది. మొన్న రాయి మీద పట్టిన ఒక పలక చెడిపోయింది, దాన్ని సరిచెయ్యడానికి మిగతా పలకలన్నీ మళ్ళీ దించాల్సి వచ్చింది. చిన్నదైపోయింది కానీ నీరు బాగుంది. పొద్దున్న వెలుతురు బాగున్నప్పుడే మూడు గంటలు పడతాను, తర్వాత కళ్ళు సహకరించవు. వీధి తలుపు తీసి పెట్టుకుని పడుతున్నాను, వెలుతురు కోసం. వెండి పని చేసే ఆయన శనివారానికి ఇస్తానన్నాడు.

ఇరవై తొమ్మిది, ఆదివారం వస్తున్నాను. బస్సులోనే వస్తాను, ఎవరూ రానక్కరలేదు. రబియా నా తెల్ల చొక్కా ఉతికి ఇస్త్రీ చేయించింది. అది అప్పుడే ఏడవడం మొదలుపెట్టింది. ఆడవాళ్ళతో ఇదే గొడవ.

మీ పెద్ద దాదా


గుండుగొలను,
3 అక్టోబరు

పెద్ద దాదాకి,

తాతని సమాధి చేసి ఐదు రోజులైంది. మీరు శనివారం వచ్చారు, నన్ను చూశారు, నా తల మీద చెయ్యి పెట్టారు. ఆడవాళ్ళలో ఉండిపోయి మీకు ఏమీ చెప్పలేకపోయాను. చెప్పవలసింది చాలా ఉంది. మీరు నన్ను తిట్టండి. నేను అబద్ధం రాశాను.

ఆగస్టులో తాత బాగున్నారని రాశాను. బాగాలేరు. రెండేళ్ళ నుంచి ఆయన కిడ్నీలు పనిచేయడం లేదు. మంగళవారం, శుక్రవారం డయాలసిస్‌కి తీసుకెళ్ళేవాళ్ళం. పనికి కాదు దాదా. ఏలూరుకే. మీ వీధి చివర నుంచి చూస్తే కనిపించే ఆసుపత్రికే.

ఇంకొకటి. ఆగస్టులో ఇంటికొచ్చినప్పుడు ఆ రాయి నా సంచిలో ఉంది. మందుల చీటీ కోసం తాత సంచి తెరిచి దూది పొట్లం చూశారు. విప్పి, అలాగే పట్టుకుని మంచం మీద కూర్చుండిపోయారు. ఎవరిచ్చారని అడిగారు. చెప్పాను. "ఎందుకు విడిపోయిందమ్మా? నలభై ఏళ్ళ నుంచి అనుకుంటున్నాను, నాకు అంతు పట్టలేదు" అన్నారు. కాగితం మీద గీతలు గీసి అంతా చెప్పాను. చాలాసేపు గీతల మీద వేలు పెట్టి చూశారు. "భయ్యాకి రాశావా?" అన్నారు. రాశానన్నాను. "అయితే వస్తాడు" అన్నారు. అప్పటికి మీరు కోపంతో రాసిన ఉత్తరం నా దగ్గర ఉంది. అది ఆయనకు చూపించలేదు.

తన జబ్బు సంగతి మీకు రాయకూడదని నా చేత మాట తీసుకున్నారు. "తెలుసుకుని రావాలి, జాలిపడి రాకూడదు" అన్నారు. నేను ఆ మాట పట్టుకుని కూర్చున్నాను. మీరేమో ఆయనకు చెప్పొద్దన్నారు. ఆయనకు అప్పటికే తెలుసు, ప్రతి రోజూ తలుపు వైపు చూస్తున్నారు. ఇద్దరి మాటలూ నిలబెట్టాను.

నిన్న నాన్న చెప్పారు, నాకు ఇప్పటిదాకా తెలియదు. ఇరవై నాలుగో తేదీ మంగళవారం ఆసుపత్రికి వెళ్తుంటే తాత మీ వీధి మలుపులో ఆటో ఆపమన్నారట. మీ వీధి తలుపు తీసి ఉందట. మీరు వంగుని సానపడుతున్నారట. నాన్న దిగి మిమ్మల్ని పిలుస్తానన్నారు. తాత వద్దన్నారు. "పనిలో ఉన్నాడురా. రాయి చేతిలో ఉన్నప్పుడు కదపకూడదు" అన్నారట. కాసేపు చూసి, పోనివ్వమన్నారు. శుక్రవారం సూది పెట్టిన గంటకు పోయారు.

నేను ఒక్క లైను ఎక్కువ రాసి ఉంటే మీరు వచ్చేవారు.

ఆలియా


ఏలూరు,
10 అక్టోబరు

అమ్మా ఆలియా,

నువ్వు ఇచ్చిన మాట నిలబెట్టుకున్నావు. నీ మీద తప్పు పెట్టను, నువ్వూ పెట్టుకోకు. వెళ్ళమని నువ్వు రాశావు. రేపే వెళ్ళమన్నావు. అంతకంటే పెద్ద అక్షరాలతో ఎవరూ రాయలేరు. చదివి కూడా నేను ఆగాను. ఆగింది వాడి కోసం అనుకున్నాను. కాదు. మంచి పనివాడిగా వాడి ముందుకు వెళ్ళాలని ఆగాను. తప్పు చేసినవాడిగా వెళ్ళడం ఇష్టం లేక ఆగాను.

ఆటో ఆగినట్టు నాకు తెలియదు. నేను తల ఎత్తలేదు. ఎత్తి ఉంటే అక్కడినుంచి వాడి మొహం కనిపించేది, అది ఎంతో దూరం లేదు. నిన్న వెళ్ళి మలుపులో నిలబడి మా ఇంటివైపు చూశాను. అంతా కనిపిస్తుంది.

ఆ ఉంగరం వెండి ఆయన శనివారం పొద్దున్న తెచ్చి ఇచ్చాడు. అప్పటికే మోయిన్ వచ్చి నన్ను ఆటో ఎక్కిస్తున్నాడు. రబియా దగ్గర పడేసి వచ్చాను.

మీ మేడం పుస్తకంలో నా పేరు వేస్తామన్నారని రబియాకి ఫోను చేసి చెప్పావట. వెయ్యొద్దు. పుష్యరాగాన్ని వాల్చి పెట్టాలని చెప్పినవాడు హఫీజ్. గీయడం సంగతి, పెదవి సంగతి ఏ సానవాడైనా చెప్తాడు. వాడి పేరు వెయ్యండి. ఊరు గుండుగొలను అని కాదు, ఏలూరు అని వెయ్యండి. వాడు ఏలూరువాడు.

నువ్వు ఆడపిల్లవి, ఖబరస్తాన్‌కి రాలేదు. అక్కడ జరిగింది నీకు ఎవరూ చెప్పి ఉండరు. మోయిన్ చెప్పడు. నేనే చెప్తాను.

చేపల దగ్గర వాడితో పనిచేసినవాళ్ళు చాలామంది వచ్చారు. కొందరు పనిలోంచి అలాగే వచ్చారు, తడి లుంగీలతో. హెన్రీ అని ఒక ముసలాయన, మనవాడు కాదు, వాడితో ముప్పై ఏళ్ళు ఐసు కొట్టాడట. నా చెయ్యి పట్టుకుని చెవిలో గట్టిగా చెప్పాడు, "ఏవండీ, మీరేనా వాళ్ళన్నగారు? మీ చేతి పని గురించి చెప్పేవాడండీ. మా అన్నలా పట్టేవాడు జిల్లాలో లేడనేవాడు" అని.

నమాజుకి ముందు పోయినవాడి తరపున ఇంటివాళ్ళు ఒకరు నిలబడి అడగాలి. ఈయన మీలో ఎవరి మనసైనా నొప్పించి ఉంటే, ఎవరికైనా తప్పు చేసి ఉంటే క్షమించండి అని. అది కొడుకు పని. మోయిన్ నిలబడ్డాడు కానీ గొంతు రాలేదు. పెద్దలు నా వైపు చూశారు. పెద్దన్న ఉన్నాడు కదా, ఆయన అడుగుతాడు అన్నారు. నన్ను ముందుకు తెచ్చారు. వాడు నా ముందు తెల్లగుడ్డలో ఉన్నాడు. ఎంత చిన్నగా అయిపోయాడో.

వాణ్ణి క్షమించమని నేను అడగాలి. నేను.

నోరు తెరిచాను. ఎలా వచ్చిందో తెలియదు, ఇలా అన్నాను. "ఇక్కడ ఎవరికైనా వీడు తప్పు చేశాడేమో నాకు తెలియదు. నాకు చెయ్యలేదు. నేను చేశాను. పెద్దల్లో నిలబెట్టి అబద్ధాలకోరు అన్నాను, ఇంట్లోంచి గెంటాను. వీడు చెప్పింది నిజం. నలభై ఒక్క ఏళ్ళ కింద నలుగురిలో అన్నాను కాబట్టి ఈ రోజు నలుగురిలో చెప్తున్నాను. రాయి వీడు పగలగొట్టలేదు. నేను పగలగొట్టాను." అని వెనక్కి వచ్చి వరుసలో నిలబడ్డాను. తర్వాత నమాజు చదివించారు.

మట్టి వేశాక మోయిన్ వచ్చి నా పక్కన కూర్చున్నాడు. వాణ్ణి నీకు ఉత్తరంలో తిట్టాను, ఆ తిట్టు వెనక్కి తీసుకుంటున్నాను. తండ్రిని రెండేళ్ళు చేతుల మీద మోశాడు. నా చెవి దగ్గరకు వంగి, "నాన్న మిమ్మల్ని ఎప్పుడో క్షమించేశారు పెదనాన్నా" అన్నాడు.

మంచి పిల్లవాడు. నా మీద దయతో అన్నాడు. నిజమే కావచ్చు. అయినా నేను వద్దన్నాను. ఆ మాట నువ్వు అనకూడదురా, మీ నాన్న అనాలి అన్నాను. నీకు కూడా చెప్తున్నాను, నువ్వూ రాయకు. ఎవరు చెప్పినా నేను తీసుకోను. దాన్ని ఇవ్వగలిగినవాడు మలుపు దాకా వచ్చి వెళ్ళిపోయాడు.

హఫీజ్ అన్న,
ఇమాం